ఏడు స్టేడియాల ప్లాను నాలుగెలా అయింది: ఒక బేస్‌బాల్ రోడ్ ట్రిప్ కేసు

నేను చికాగో శివార్లలో ఉంటూ మనవాళ్లకి ట్రిప్ ప్లాన్లు వేసిస్తుంటాను. నయాగరా, యెల్లోస్టోన్, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఈస్ట్ కోస్ట్ చుట్టించడం లాంటివి నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తాను. బేస్‌బాల్ స్టేడియాల ట్రిప్పులు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేన్నే చేశాను. వాటిలో ఈ ఒక్కటి రాసిపెట్టుకోవాలనిపించింది. ఇందులో నేను వేసిన మొదటి రెండు ప్లాన్లూ పోయాయి. మొదటిది ఎందుకు పోయిందో అరగంటలో తెలిసింది. రెండోది ఎందుకు పోయిందో తెలియడానికి ఒక ఫోన్ కాల్ కావాల్సి వచ్చింది, ఆ కాల్ నేను మొదటిరోజే చేసి ఉండాల్సింది.

పేర్లు, ఉద్యోగాలు, కొన్ని వివరాలు మార్చాను. రాస్తానని ఇద్దరికీ చెప్పాను, సరే అన్నారు.

నేపథ్యం

శ్రీను, మూర్తి అనుకుందాం. ఇద్దరికీ నలభై దాటాయి. కోస్తాలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్లో నాలుగేళ్లు ఒకే గదిలో ఉన్నారు. ఇప్పుడు శ్రీను ఇక్కడే, మా ఇంటికి అరగంట దూరంలో. మూర్తి టెక్సస్‌లో. కొడుకు లిటిల్ లీగ్‌లో చేరిన దగ్గర్నుంచి శ్రీనుకి బేస్‌బాల్ పిచ్చి పట్టుకుంది. మూర్తికి క్రికెట్ తప్ప ఇంకో ఆట పట్టదు. టీవీలో బేస్‌బాల్ వస్తే రిమోట్ వెతుక్కునే రకం.

ఈ ట్రిప్పు అంతకుముందు రెండు వేసవుల్లో తప్పిపోయింది. మొదటి ఏడాది మూర్తి ఆఫీసులో సెలవు దొరికిన తేదీలు తీసుకుని టికెట్లు చూడబోతే అవి జూలై మధ్యలో ఆల్‌స్టార్ విరామం మీద పడ్డాయి. ఆ మూడు నాలుగు రోజులూ లీగ్ మ్యాచ్‌లే ఉండవు. రెండో ఏడాది శ్రీను టొరంటో కూడా కలిపాడు. శ్రీనుకి గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి కెనడా వెళ్లడానికి విడిగా వీసా అక్కర్లేదు, అందుకని వీసా సంగతే అతని బుర్రకి తట్టలేదు. మూర్తి హెచ్1బి మీద ఉన్నాడు. ఇండియన్ పాస్‌పోర్టుతో కెనడా విజిటర్ వీసా తీసుకోవాలి. అది తెలిసేసరికి జూన్ వచ్చేసింది. టొరంటో తీసేసి మిగతావి చూడొచ్చు కదా అని నేనంటాను. కానీ అప్పటికే ఇద్దరికీ ఊపు పోయింది.

మూడో ఏడాది ఫిబ్రవరిలో శ్రీను భార్య నాకు ఫోన్ చేసింది. "అక్కా, వీళ్లిద్దరూ రెండేళ్లుగా వాట్సాప్‌లోనే తిరుగుతున్నారు. మీరైనా బండి కదిలించండి" అంది.

అడిగిందేమిటి

శ్రీను పంపిన ఎక్సెల్ షీటు చూస్తే ముచ్చటేసింది. తొమ్మిది రోజులు, ఏడు స్టేడియాలు, ఒక్కో ఊరికి ఒక్కో రంగు: చికాగో రిగ్లీ ఫీల్డ్, మిల్వాకీ, డెట్రాయిట్, క్లీవ్‌లండ్, పిట్స్‌బర్గ్, సిన్సినాటి, సెయింట్ లూయిస్. ముగ్గురం కాల్‌లో మాట్లాడుకున్నాం. నలభై నిమిషాల్లో మూర్తి మాట్లాడింది రెండు మూడు వాక్యాలు. అతనికేం కావాలో అడిగాను. "వాడెలా అంటే అలా అక్కా, నాకేం ఫర్వాలేదు" అన్నాడు. నేను నోట్సులో "మూర్తి: ఓకే" అని రాసుకున్నాను.

ఈ కేసులో నేను చేసిన మొదటి తప్పు అదే. ఎదురుగా స్నేహితుడు ఉండగా మొహమాటంతో అన్న మాటని ఒప్పుకోలు కింద జమ వేసుకున్నాను. పెళ్లిచూపుల్లో అమ్మాయిని అందరి ముందూ "అబ్బాయి నచ్చాడా" అని అడిగినట్టు.

మొదటి ప్లాను: మ్యాప్‌తో

అలవాటు ప్రకారం మ్యాప్ తెరిచాను. చికాగో నుంచి పైకి మిల్వాకీ, అక్కడినుంచి మిషిగన్ సరస్సు చుట్టి డెట్రాయిట్, క్లీవ్‌లండ్, పిట్స్‌బర్గ్, కిందికి సిన్సినాటి, పడమరకి సెయింట్ లూయిస్, మళ్లీ ఇంటికి. గుండ్రంగా 1,700 మైళ్లు. మిల్వాకీ నుంచి చికాగో దాకా తప్ప ఎక్కడా వెనక్కి తిరగడం లేదు. ఒక్కో డ్రైవు ఆరు గంటలు దాటడం లేదు. చాలా సంతోషించాను.

తర్వాత మ్యాచ్‌ల క్యాలెండర్ తెరిచాను. యెల్లోస్టోన్ ఎప్పుడు వెళ్లినా అక్కడే ఉంటుంది. బేస్‌బాల్ టీమ్ ఉండదు. సీజన్‌లో ఒక్కో టీమ్ ఆడే 162 ఆటల్లో 81 మాత్రమే సొంత మైదానంలో. లీగ్‌లో ఉన్నవి 30 టీమ్‌లు, ప్రతి మ్యాచ్‌లోనూ ఒకరు అతిథులు కావాల్సిందే కాబట్టి ఏ రోజు చూసినా మహా అయితే 15 స్టేడియాల్లోనే ఆట నడుస్తుంది. అంటే మనం వెళ్లే రోజున ఏ ఊరి టీమైనా ఇంట్లో ఉండే అవకాశం సగం. ఏడు ఊళ్లకి ఏడు తేదీలు ముందే బిగించేస్తే అన్నీ కలవడం లెక్క ప్రకారం 128లో ఒక్కసారి. క్యాలెండర్ అచ్చంగా లాటరీలా ఉండదు, ఒక టీమ్ వారం రోజులు వరసగా ఇంట్లోనో బయటో ఉంటుంది. కానీ అంచనాకి ఇది చాలు. తేదీలు ముందుకి జరిపి చూశాను, చక్రాన్ని తిరగేసి చూశాను. పిట్స్‌బర్గ్ కలిస్తే సిన్సినాటి బయటుండేది, సిన్సినాటి కలిస్తే రిగ్లీ ఖాళీ.

ఇక్కడ రెండే దారులు: రోజులు పెంచడం లేదా ఊళ్లు తగ్గించడం. మూర్తి సెలవు తొమ్మిది రోజులకి మించి సాగదు. కాబట్టి ఊళ్లు తగ్గాలి. శ్రీను రెండు రోజులు బేరమాడి సెయింట్ లూయిస్ వదులుకున్నాడు.

రెండో ప్లాను: క్యాలెండర్‌తో

ఈసారి మ్యాప్ మూసేసి గడుల కాగితం తీశాను. అడ్డంగా తేదీలు, నిలువుగా టీమ్‌లు. సొంత మైదానంలో ఆడే రోజులకే రంగు: పగటి ఆటకి పసుపు, రాత్రి ఆటకి నీలం. ఇలా రంగులేస్తే మామూలుగా కనిపించని కొన్ని విషయాలు బయటపడతాయి. సోమ, గురువారాల్లో ఖాళీ గడులు ఎక్కువ, ఎందుకంటే టీమ్‌లు ఊళ్లు మారేది ఆ రోజుల్లోనే. సిరీస్‌లో ఆఖరి రోజు, బుధవారమో గురువారమో, ఆట చాలాసార్లు మధ్యాహ్నమే పెడతారు. ఆడేసి విమానం ఎక్కాలి కదా. ఆదివారాలు ఎక్కువగా పగటి ఆటలే. రోడ్డు మీద తిరిగేవాళ్లకి ఈ పసుపు గడులు బంగారం. మ్యాచ్ అయ్యాక వెలుతురు ఉండగానే పక్క ఊరికి వెళ్లిపోవచ్చు.

జూలై చివర్లో ఎనిమిది రోజులకి ఆరు స్టేడియాలు కుదిరాయి. రిగ్లీలో ఒంటిగంట ఇరవైకి ఆట చూసి ఆ సాయంత్రమే డెట్రాయిట్ బయలుదేరాలి, 280 మైళ్లు. పిట్స్‌బర్గ్‌కి రాత్రి చేరి, మర్నాడు పన్నెండున్నర ఆట చూసి, అది అవగానే సిన్సినాటి. 2023లో పిచ్ క్లాక్ (బంతి వేయడానికి సెకన్ల గడువు) వచ్చాక మూడు గంటలు దాటే మ్యాచ్ సుమారు 2 గంటల 40 నిమిషాలకి దిగింది కాబట్టి ఇలాంటి లెక్కలు కాగితం మీద నిలబడతాయి. శ్రీను గ్రూపులో డాన్స్ చేసే బొమ్మలు పెట్టాడు.

మూర్తి రెండు రోజులు ఏమీ అనలేదు. మూడోరోజు బొటనవేలు బొమ్మ. ఆ సాయంత్రం నాకు విడిగా మెసేజి: "అక్కా, ఫ్లైట్ టికెట్ రిఫండబుల్ తీసుకోవచ్చా?"

ఈ పనిలో నాకు తెలిసిన గుర్తు ఒకటుంది. వెళ్లే ముందే వెనక్కి వచ్చే డబ్బు గురించి అడిగిన మనిషి సగం మానేసినట్టే. మర్నాడు అతనికి ఒక్కడికే ఫోన్ చేశాను.

విడిగా మాట్లాడితే

మొదట ఐదు నిమిషాలు అంతా బానే ఉంది అక్కా అన్నాడు. నేను ప్లాను ఊసెత్తకుండా, "ఆఖరిసారి మీరిద్దరూ ఎప్పుడు కలిశారు?" అని అడిగాను.

"ఆరేళ్లయింది. అదీ ఒక పెళ్లిలో. గట్టిగా గంట మాట్లాడుకోలేదు" అన్నాడు. కాసేపాగి, "ఈ ప్లానులో వాడు డ్రైవింగైనా చేస్తుంటాడు, ఆటైనా చూస్తుంటాడు. నేను వాడితో కూర్చోడానికి వస్తున్నాను. కూర్చునేదెప్పుడు?"

అప్పుడు ఇంకో సంగతి బయటికొచ్చింది. ముందటేడు వాళ్లమ్మగారికి ఆపరేషన్ జరిగింది. ఆవిడ అమెరికా వచ్చిన మొదటిసారి దర్శనం చేసుకున్నది పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడిలో. ఆపరేషన్ బాగా అయితే కొడుకు అక్కడికే వెళ్లి దణ్ణం పెట్టుకుంటాడని మొక్కుకున్నారు. ఊరికి తూర్పున పెన్ హిల్స్‌లో కొండవాలు మీద ఉంటుంది ఆ గుడి, 1976 నాటిది. అమెరికాలో పాతకాపు తెలుగు కుటుంబం ఏదైనా తీసుకోండి, ఆ గుడి మెట్ల మీద దిగిన ఫొటో ఒకటి ఆల్బమ్‌లో ఉంటుంది. మా ఇంట్లోనూ ఉంది.

"మరి శ్రీనుకి చెప్పలేదా?"

"పిట్స్‌బర్గ్‌లో ఆ రోజు మధ్యాహ్నం ఆట, సాయంత్రం డ్రైవ్. గుడి అంటే వాడి లెక్క చెడుతుంది. నవ్వుతాడు కూడా."

ఫోన్ పెట్టేసి శ్రీనుకి చేశాను. మూర్తి మాటలేవీ చెప్పలేదు. ఒకే ప్రశ్న: "ఏడింట్లో ఒక్కటే చూడొచ్చంటే ఏది?" క్షణం ఆలోచించలేదు. "పిట్స్‌బర్గ్" అన్నాడు. పీఎన్‌సీ పార్క్, అలెగెనీ నది, నది అవతల డౌన్‌టౌన్ మేడలు, మ్యాచ్ రోజున కార్లు ఆపేసి జనానికి వదిలేసే రొబెర్టో క్లెమెంటే వంతెన. పది నిమిషాలు చెప్పాడు.

ఇద్దరికీ అన్నిటికన్నా కావాల్సిన ఊరు ఒకటే, కారణాలే వేరు. నేను వేసిన రెండు ప్లాన్లలోనూ ఆ ఊరికి దక్కింది రాత్రి నిద్ర, ఒక మధ్యాహ్నం.

మూడో ప్లాను

ఇక పిట్స్‌బర్గ్‌ని ముందు పాతాను. పైరేట్స్ టీమ్ శుక్ర, శని, ఆదివారాలు ఇంట్లో ఉండే వారం వెతికి, గురువారం రాత్రి నుంచి ఆదివారం ఉదయం దాకా ఆ ఊరే అని తేల్చాను. మిగతావన్నీ దాని వెనక ఎన్ని పడితే అన్ని. మిల్వాకీ, రిగ్లీ, క్లీవ్‌లండ్ పట్టాయి. సిన్సినాటి వదిలేశాం.

ఒక్క నియమం పెట్టాను: రోజుకి ఒకటే పని. మ్యాచ్ ఉంటే మూడు గంటలకి మించి డ్రైవింగ్ ఉండకూడదు, పెద్ద డ్రైవ్ ఉంటే మ్యాచ్ ఉండకూడదు. దీని వల్ల గట్టిగా దెబ్బ తిన్నది డెట్రాయిట్. బుధవారం రాత్రి అక్కడ ఆట ఉంది, చికాగో నుంచి క్లీవ్‌లండ్ వెళ్లే దారికి గంట ఉత్తరాన. శ్రీను ప్రాణం కొట్టుకుంది. కాగితం మీద సాధ్యమే. కానీ పగలంతా డ్రైవింగ్, రాత్రి పదింటికి స్టేడియం బయట పార్కింగ్ క్యూ, పొద్దున్నే లేచి మళ్లీ 170 మైళ్లు, ఒంటిగంటకి ఇంకో ఆట. మూర్తి వద్దంటున్న ట్రిప్పు సరిగ్గా అదే. నేను వద్దనలేదు. "మూర్తికి ఫోన్ చేసి మీరే అడగండి, గుడి సంగతి కూడా అడగండి" అన్నాను, మూర్తి దగ్గర ముందే మాట తీసుకుని. గంట తర్వాత శ్రీను మెసేజి పెట్టాడు: "డెట్రాయిట్ తీసెయ్యండి. గుడికి నేనూ వెళ్తున్నా." వాళ్లేం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

మొదటి ఆట మిల్వాకీలో పెట్టడానికి కారణం పైకప్పు. అమెరికన్ ఫ్యామిలీ ఫీల్డ్‌కి విసనకర్రలా ముడుచుకునే కప్పు ఉంది. వాన వస్తే మూసేస్తారు. ఆట మీద నమ్మకం లేని మనిషిని మొదటిరోజే రెండు గంటలు వానలో కూర్చోబెడితే తర్వాతి ఊళ్ల సంగతి మర్చిపోవచ్చు. అక్కడ పార్కింగ్ లాట్‌లో జనం గ్రిల్లులు పెట్టుకుని వండుకుంటారు, ఆట మధ్యలో కొందరు సాసేజి వేషాలు వేసుకుని పరిగెత్తుతారు. ఆట అర్థం కాకపోయినా పొద్దుపోతుంది.

సీట్ల దగ్గర ఎక్కువమంది ధర ఒక్కటే చూస్తారు. జూలైలో పగటి ఆటకి నీడ ముఖ్యం. సాధారణంగా మైదానాన్ని బ్యాటర్ ముఖం తూర్పు, ఈశాన్యం వైపు ఉండేలా కడతారు, సాయంత్రపు ఎండ అతని కళ్లలో పడకుండా. అందుకని మధ్యాహ్నం దాటాక హోం ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) వెనక, అతనికి ఎడమపక్క ఉండే మూడో బేస్ వైపు ముందు నీడ పడుతుంది. పిట్స్‌బర్గ్ మైదానం దిక్కు వేరు, ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది. అక్కడ మాది రాత్రి ఆట కాబట్టి నీడ వదిలేసి నది, మేడలు కనిపించే మూడో బేస్ వైపే తీసుకున్నాం. రిగ్లీ, పిట్స్‌బర్గ్ టికెట్లు ఏప్రిల్‌లోనే కొన్నాం. క్లీవ్‌లండ్ గురువారం పగటి ఆట, నిండదని నా అంచనా, అది ఆ రోజు పొద్దున కొనుక్కోమన్నాను. రిగ్లీకి కారు వద్దు, రెడ్ లైన్ రైల్లో ఆడిసన్‌లో దిగితే ఎదురుగా స్టేడియం. బ్యాగుల రూల్స్ ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, బ్యాక్‌ప్యాక్ కొన్నిచోట్ల రానివ్వరు. ఇవన్నీ ఒక పేజీలో రాసిచ్చాను.

వాన గురించి ఒక మాట. ఆట రద్దయితే టికెట్ ఇంకో తేదీకి చెల్లుతుంది. ఊళ్లో ఉండేవాడికి అది చాలు. రేపు ఇంకో రాష్ట్రంలో ఉండేవాడికి అది చిత్తుకాగితం. అందుకే పిట్స్‌బర్గ్‌లో శనివారం ఖాళీగా ఉంచాను. శుక్రవారం కొట్టుకుపోతే శనివారం ఉంటుంది.

మూర్తికి ఒక పని

ఇంకో చిక్కు మిగిలింది. నాలుగు ఆటలంటే పది పదకొండు గంటలు. మూర్తి అంతసేపు ఏం చేస్తాడు? శ్రీను తనే వాయిస్ మెసేజిల్లో రూల్స్ చెప్పడం మొదలుపెట్టాడు. ఇన్‌ఫీల్డ్ ఫ్లై రూలు మీద ఒక్కటే పదకొండు నిమిషాలు. మూర్తి వాటిని రెండింతల స్పీడులో పెట్టి, ఆపై వినడం మానేశాడు. ఎల్‌బీడబ్ల్యూ తెలియనివాడికి ఫోన్లో ఎల్‌బీడబ్ల్యూ చెప్పి చూడండి, తెలుస్తుంది.

మాటల మధ్యలో మూర్తి ఒకటన్నాడు. హాస్టల్ క్రికెట్ మ్యాచ్‌లకి స్కోరరు తనే. బ్యాటింగ్ రాదు, బౌలింగ్ రాదు, చేతిరాత బాగుంటుందని పుస్తకం ఇచ్చేవాళ్లట. నాకు దారి దొరికింది. బేస్‌బాల్‌లో స్కోరుకార్డు చేత్తో రాసుకునే అలవాటు ఇప్పటికీ ఉంది. ఆ ఆటకి బాక్స్ స్కోరు (మ్యాచ్ లెక్కల పట్టిక) తయారుచేసిన హెన్రీ చాడ్విక్ ఇంగ్లండ్‌లో పుట్టి, ఇక్కడ క్రికెట్ మ్యాచ్‌ల గురించి పత్రికలకి రాసిన మనిషి. ఖాళీ కార్డులు ప్రింట్ తీసి, రాసే పద్ధతి ఒక పేజీ జత చేసి పంపాను. ఒక్కో ఫీల్డరుకి ఒక్కో నంబరు: పిచరు 1, క్యాచరు 2, మొదటి బేస్ 3, రెండోది 4, మూడోది 5, షార్ట్‌స్టాప్ 6, బయట ముగ్గురూ ఎడమ నుంచి 7, 8, 9. బంతి షార్ట్‌స్టాప్ నుంచి రెండో బేస్‌కి, అక్కడినుంచి మొదటి బేస్‌కి వెళ్లి ఇద్దరు అవుటయితే 6-4-3. స్ట్రైకౌట్‌కి, అంటే మూడు స్ట్రైకులతో అవుటయితే, కె అక్షరం. బ్యాటు ఊపకుండా నిలబడి అవుటయితే అదే కె తిరగేసి.

మిల్వాకీలో జరిగింది శ్రీను తర్వాత చెప్పాడు. మూడో ఇన్నింగ్స్‌లో (బేస్‌బాల్ ఆటకి తొమ్మిది ఉంటాయి) మూర్తి బాల్‌పెన్ను నోట్లో పెట్టుకుని, "ఒరేయ్, షార్ట్‌స్టాప్ నిలబడేది రెండు, మూడు బేసుల మధ్య. అంటే 4కీ 5కీ మధ్య. వాడికి 6 ఎందుకురా?" అన్నాడట. పదేళ్లుగా ఆట చూస్తున్న శ్రీను నోరు తెరిచాడు, జవాబు రాలేదు. పక్క సీట్లో ఒక పెద్దావిడ, ఒళ్లో ఆవిడ కార్డు ఆవిడకుంది, వంగి చెప్పింది: ముందు బేసు ఉన్నవాళ్లని వరసగా లెక్కపెట్టు, బేసు లేనివాడు చివర. మూర్తి తల ఊపి రాసుకున్నాడు. ఆ తర్వాత ఆట అయ్యేదాకా ఆవిడా ఇతనూ ఒకరి కార్డు ఒకరు సరిచూసుకున్నారట. శ్రీను వెళ్లి ఇద్దరికీ నిమ్మరసం తెచ్చాడు.

రిగ్లీలో మూర్తికి నచ్చింది స్కోర్‌బోర్డు. 1937 నాటిది, ఇప్పటికీ లోపల మనుషులుండి పలకలు చేత్తో మారుస్తారు. మన కాలేజీ గ్రౌండులో టెన్నికాయిట్ పోలుకి నంబరు రేకులు తగిలించినట్టే ఉందిరా అన్నాడట.

దారిలో చెడినవి

నా రెండో తప్పు బుధవారం బయటపడింది. చికాగో నుంచి క్లీవ్‌లండ్ 345 మైళ్లు. పదింటికి బయలుదేరితే దారిలో భోజనంతో కలిపి నాలుగింటికి చేరతారని, అక్కడ సాయంత్రానికి మూసేసే పాత మార్కెట్ ఒకటి చూడమని రాశాను. ఇండియానాలోకి వెళ్లాక గడియారం గంట ముందుకి జరుగుతుంది. మిల్వాకీ, చికాగో సెంట్రల్ టైం, క్లీవ్‌లండ్, పిట్స్‌బర్గ్ ఈస్టర్న్. ఇన్నేళ్లు ఇక్కడుండి, ఇదే పని చేస్తూ, ఆ గంట మర్చిపోయాను. వాళ్లు వెళ్లేసరికి షట్టర్లు దించుతున్నారు. నా షీటులో ప్రయాణం "6 గంటలు" అని ఉంది. గడియారంలో ఎంతవుతుందో ఎక్కడా లేదు. ఇప్పుడు ప్రతి వరసలోనూ బయలుదేరే టైం, చేరే టైం ఆయా ఊరి గడియారం ప్రకారం రాస్తున్నాను. రెండో ప్లానులో రిగ్లీ నుంచి డెట్రాయిట్ డ్రైవు కూడా ఇదే గంట తప్పుతో వేశానని అప్పుడు చూసుకున్నాను. అర్ధరాత్రి దాకా రోడ్డు మీద ఉండేవాళ్లు.

గురువారం క్లీవ్‌లండ్‌లో మూడో ఇన్నింగ్స్ మధ్యలో వాన పట్టుకుంది. రెండు గంటల పైన ఆపేశారు. ముందే ఒప్పందం ఉంది: ఆట ఏ దశలో ఉన్నా ఐదున్నరకి లేవాలి, చీకటి పడేలోపు పిట్స్‌బర్గ్ చేరాలి. ఈ ఒప్పందం నేను శ్రీను చేత సంతకం పెట్టించినంత పని చేశాను, మూర్తి కోసం. ఐదున్నరకి శ్రీను బుద్ధిగా లేచి నిలబడ్డాడు. మూర్తి లేవలేదు. "కూర్చోరా, ఏడో ఇన్నింగ్స్ కూడా కాలేదు, కార్డు సగంలో వదిలేస్తామా?" ఆట మొత్తం చూసి బయలుదేరి తొమ్మిది దాటాక పిట్స్‌బర్గ్ చేరారు. నా నియమం చెడింది. అయినా దానివల్ల ఏమీ పోలేదు, మర్నాడు పొద్దున గుడి తప్ప ఏ పనీ పెట్టలేదు కనక.

శుక్రవారం ఉదయం గుడి. మూర్తి అక్కడినుంచే వాళ్లమ్మగారికి వీడియో కాల్ చేసి గోపురం చూపించాడట. గుడి పులిహోర రెండు పొట్లాలు కట్టించుకుని సాయంత్రం మ్యాచ్‌కి పట్టుకెళ్లారు. పీఎన్‌సీ పార్కులో బయటి తిండి రానిస్తారని నేను ముందే చూసి రాశాను. మూర్తి శాకాహారి, మూడు ఊళ్లుగా ఫ్రైలు, పాప్‌కార్న్ మీద బతుకుతున్నాడు. వంతెన మీద నడిచి వెళ్లారు. మైదానానికి కుడివైపు చివర ఉండే గోడ ఎత్తు 21 అడుగులు, అది పైరేట్స్ ఆటగాడు క్లెమెంటే జెర్సీ నంబరు. ఆయన 1972 డిసెంబర్ 31న నికరాగ్వా భూకంప బాధితులకి సామాన్లు తీసుకెళ్తూ విమానం కూలి పోయాడు. 2008లో రింకూ సింగ్ (క్రికెటర్ రింకూ కాదు), దినేశ్ పటేల్ అనే ఇద్దరు ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లని తీసుకున్న సంస్థ కూడా ఈ పైరేట్సే. ఆ ఏడాదికి ముందు వాళ్లు బేస్‌బాల్ ఆడింది లేదు, ఈటె విసిరేవాళ్లు. ఇది మూర్తికి ముందే చెప్పి ఉంచాను. శ్రీనుకి తెలియదు. మూర్తి చెప్తుంటే శ్రీను విన్నాడు.

శనివారం వాన పడలేదు. టికెట్లు దొరుకుతాయి, శ్రీను రెండో ఆట చూస్తాడనుకున్నాను. వెళ్లలేదు. ఇంక్లైన్ అనే కొండ రైలెక్కి, ఊరంతా కనిపించే మౌంట్ వాషింగ్టన్ కొండ మీద కూర్చున్నారట, పొద్దుటి నుంచి దీపాలు వెలిగేదాకా. ఆదివారం 460 మైళ్లు వెనక్కి. ఈసారి ఆ గంట తిరిగొచ్చింది.

తర్వాత మార్చుకున్నవి

ఇప్పుడు ఇద్దరు కలిసి ట్రిప్పుకి వస్తే ఒక్కొక్కరితో పావుగంట విడిగా మాట్లాడకుండా మ్యాప్ తెరవను. రెండే ప్రశ్నలు: ఒక్కటే దక్కుతుందంటే ఏది కావాలి? ఏది పోయినా మీకు ఫర్వాలేదు? రెండోదానికి "అన్నీ ఓకే" అన్న మనిషికి మళ్లీ ఫోన్ చేస్తాను. భార్యాభర్తల దగ్గర ఇది బాగా పనిచేస్తోంది, అత్తాకోడళ్ల దగ్గర ఇంకా కుదరడం లేదు. ఈ కేసుకి ఐదు గంటలని చెప్పి పద్నాలుగు గంటలు పనిచేశాను, డబ్బులు ఐదింటికే తీసుకున్నాను. ఆ మిగతా తొమ్మిదీ మొదటి రెండు ప్లాన్లకి పోయినవి.

నాలుగు కార్డులూ మూర్తి దగ్గరే ఉన్నాయి. క్లీవ్‌లండ్ కార్డులో మూడో ఇన్నింగ్స్ గడులు తడిసి సిరా కారిపోయింది. వాన మొదలైనప్పుడు ఉన్న బ్యాటరు స్ట్రైకౌట్ అయ్యాడని శ్రీను, కాదు నాలుగు బాల్స్ (చెడ్డ బంతులు) పడి ఊరికే మొదటి బేస్‌కి నడిచాడని మూర్తి. నెట్‌లో చూస్తే నిమిషంలో తేలిపోతుంది. ఇద్దరూ చూడటం లేదు.